విడిది చూడడం

పెళ్ళివారికి విడిది చూడడం మన జిల్లాలో ఎవరికీ నేర్పక్కర్లేదు. మగపెళ్ళివారు దిగడానికి ఒక ఇల్లు అనుకున్నారంటే ఆడపిల్లవారి తరఫున ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళి ముందు కుళాయి తిప్పుతారు. బోరులో నీళ్ళున్నాయా, మోటారు పనిచేస్తోందా, బాత్రూములెన్ని, తలుపులకి గడియలు పడుతున్నాయా, రాత్రి కరెంటు పోతే జనరేటరుందా, ముసలివాళ్ళు ఆ మెట్లెక్కగలరా, పొద్దున్నే కాఫీలు ఎవరు పట్టుకొస్తారు? ఇవన్నీ అడిగాక, గోడకి ఏ రంగేశారో చివర్లో చూస్తారు. చూస్తే.

అదే మనం పిల్లల్ని తీసుకుని అడవి వైపు బయల్దేరినప్పుడు ఏం చేస్తున్నాం? ఫోన్లో నాలుగు ఫొటోలు చూస్తున్నాం. టెంటు మీద రంగు బల్బుల దండ, పక్కన వాగు, మధ్యలో చలిమంట, చేతిలో బొంగు చికెన్. బాగుందనుకుంటాం, అడ్వాన్సు కొట్టేస్తాం. కుళాయి సంగతి అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది.

మొన్న ఎనిమిదో తరగతి ఇంగ్లీషు క్లాసులో 'కేంప్‌సైట్' అన్న మాట దగ్గర ఒక పిల్లాడు దీనికి తెలుగేమిటని అడిగాడు. 'విడిది' అన్నాను. క్లాసంతా నవ్వింది. "అది పెళ్ళికి కదా మేడమ్!" అన్నారు. పెళ్ళికే కానక్కర్లేదు. ప్రయాణంలో ఆగి, వండుకుని, పడుకునే చోటు ఏదైనా విడిదే. మాట మనకుంది, చూసే పద్ధతీ మనకుంది. అడవి దగ్గరికొచ్చేసరికి దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తున్నామని నా అభిప్రాయం.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, సంక్రాంతి సెలవుల తర్వాత 8, 9 తరగతుల పిల్లల్ని రెండు రాత్రుల ప్రకృతి శిబిరానికి మారేడుమిల్లి వైపు తీసుకెళ్దామన్న సర్క్యులర్ మీకందింది. వచ్చిన స్లిప్పులు నేనే తరగతుల వారీగా సర్దాను. మగపిల్లల ఇళ్ళ నుంచి ఎక్కువగా 'సరే' అని వచ్చింది. ఆడపిల్లల ఇళ్ళ నుంచి ఎక్కువగా 'వద్దు' అని వచ్చింది. కొందరు కారణం రాశారు, చాలామంది రాయలేదు. ఒక తల్లి మాత్రం గేటు దగ్గర నన్ను ఆపి సూటిగా అడిగారు: "రాత్రప్పుడు గుంట బాత్రూముకెళ్ళాలంటే ఏటి చెయ్యాలండి మేడమ్? చెంబట్టుకుని చీకట్లోకి పోవాలా?"

ఆ సర్క్యులర్‌లో జలపాతాల పేర్లున్నాయి, వ్యూ పాయింట్ల పేర్లున్నాయి, తినబోయే ఐటమ్స్ కూడా ఉన్నాయి. ఆవిడ అడిగినదానికి జవాబు లేదు. అది మా టూర్ కమిటీ సమావేశంలోనూ చెప్పాను కాబట్టి ఇక్కడ రాయడానికి మొహమాటం లేదు.

ముందు ఎక్కడికి వెళ్తున్నామో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో మూడు జాతీయ ఉద్యానాలున్నాయి. తిరుపతి దగ్గర శ్రీ వేంకటేశ్వర ఒకటి, కడప జిల్లాలో చిన్నదొకటి, గోదావరి రెండు పక్కలా పాపికొండలు ఒకటి. రాష్ట్రంలో మనకి దగ్గరగా ఉన్నది ఈ మూడోదే. 1978లో అభయారణ్యమైంది, 2008లో జాతీయ ఉద్యానమైంది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. అడవిదున్న, కణితి, ఎలుగు, చిరుత, పులి, గిరినాగు తిరిగే అడవి అది. కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఉంటున్న చోటు కూడా. పాఠ్యపుస్తకంలో 'జీవ వైవిధ్యం' అని ఒక పేజీలో చదివి పరీక్ష రాసేది ఇక్కడ చెట్టుగా, పిట్టగా, వాసనగా కనిపిస్తుంది. అందుకే పిల్లలు వెళ్ళాలంటాను. థీమ్ పార్కు జారుడుబల్ల మీద నాకేమీ కోపం లేదు, కానీ దానికి టీచరు అక్కర్లేదు, టికెట్టు చాలు.

మన ఊరి స్టేషన్లో రైలెక్కితే రాజమండ్రి సుమారు 300 కిలోమీటర్లు. (స్టేషన్ బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అనే ఉంటుంది. ఆమదాలవలస పిల్లలకి ఇదొక తీరని బాధ!) అక్కణ్ణించి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి ఇంకో 85 కిలోమీటర్లు రోడ్డు. ఈ దూరం ముందు లెక్కేస్తేనే విడిది ప్రశ్న మొదలవుతుంది. మధ్యాహ్నం రైలెక్కితే చీకటి పడ్డాక అడవి రోడ్డు మీద ఉంటాం. రాత్రి రైలెక్కితే తెల్లారి రాజమండ్రిలో మొహం కడుక్కుని, పగటి పూట కొండలెక్కుతాం. ఖర్చు ఇంచుమించు ఒకటే. 2019 అక్టోబర్‌లో మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లో కర్ణాటక నుంచి వచ్చిన యాత్రికుల బస్సు లోయలో పడింది. ఆ మలుపులు తెలిసిన డ్రైవరు కావాలి, పగలు కావాలి. చీకటి పడేలోగా చేరలేని విడిది ఎంత బాగున్నా మనకి విడిది కాదు.

తర్వాతది నీరు. తాగే నీరు, కడుక్కునే నీరు సంగతి తర్వాత చెప్తాను. ముందు పారే నీరు.

ఫొటోల్లో అన్నిటికన్నా అందంగా కనిపించేది వాగు ఒడ్డు టెంటే. 'రివర్ వ్యూ' అని దానికి రేటు కూడా ఎక్కువ పెడతారు. నా దృష్టిలో పిల్లలున్నవాళ్ళు డబ్బులిచ్చి మరీ మానుకోవాల్సింది అదే. కొండవాగుకి మన నాగావళి లాంటి తీరిక ఉండదు. మనమున్న చోట చినుకు పడకపోయినా పైన కొండల్లో కురిస్తే ఇక్కడ నీరు లేచిపోతుంది. మోకాలి లోతు నడుం లోతయ్యేందుకు ఎక్కువసేపు పట్టదు. 2024 సెప్టెంబర్‌లో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఒక్కసారిగా వచ్చిన ప్రవాహానికి ముగ్గురు వైద్య విద్యార్థులు చనిపోయారు. చదువుకున్న పిల్లలు, ఈడొచ్చిన పిల్లలు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ వీడియో మనందరం చూశాం. చూసి మర్చిపోయాం కూడా.

గోదావరి మీద జరిగింది మరీ దగ్గరి సంగతి. 2019 సెప్టెంబర్ 15న, ఆదివారం, పాపికొండలకి బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. నది అప్పటికి వరద మీదుంది. ఆ బోటుని కాకినాడ వాసి ధర్మాడి సత్యం బృందం పైకి లాగడానికి ఐదు వారాలు దాటింది. అప్పుడు నేను బీఈడీ చదువుతున్నాను. మా హాస్టల్లో రోజూ టీవీ ముందు కూర్చుని ఆ బోటు వచ్చిందా లేదా అని చూసేవాళ్ళం. అంతకుముందు పాపికొండల యాత్రంటే గోదావరి ఒడ్డున కొల్లూరు దగ్గర వెదురు గుడిసెల్లో ఒక రాత్రి పడుకోవడం చాలామంది ముచ్చట. ఆ ముచ్చట తప్పని నేననను. వరద కాలంలో ఆ ముచ్చట తీర్చుకోవడం తప్పంటాను.

అందుకే రెండు మాటలు గట్టిగా చెప్తాను. పిల్లలతో వెళ్ళేది నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు కావాలి. విడిది వాగుకి ఎత్తులో, నడిచి వెళ్ళి చూసి వచ్చేంత దూరంలో ఉండాలి. వాగు చప్పుడు రాత్రి వినిపిస్తే చాలు. మంచం మీంచి కనిపించక్కర్లేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న.

టాయిలెట్ సంగతి రాయడం న్యూస్‌లెటర్‌కి మర్యాదగా ఉండదని కొందరనుకోవచ్చు. రాయకపోతేనే మర్యాద కాదని నాకనిపిస్తుంది. ఆడపిల్లల స్లిప్పులు 'వద్దు' అని రావడానికి నేను మాట్లాడిన ఇళ్ళల్లో పులి భయం కారణం కాదు. బాత్రూమే కారణం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. నెలసరి రోజు ఎప్పుడొస్తుందో తెలియదు. టెంటుకీ బాత్రూముకీ ఎంత దూరం? దారిలో లైటుందా? మగపిల్లల వైపు నుంచి వెళ్ళాలా? గడియ లోపల నుంచి పడుతుందా? అర్ధరాత్రి నీళ్ళొస్తాయా, లేక డ్రమ్ములో పట్టుకోవాలా? వాడిన ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? పక్కన పడుకునే టీచరమ్మ ఎవరు? ఇవి ఏడు ప్రశ్నలు. ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో తెలిసేవి. ఎవరూ అడగని కారణంగా ఒక అమ్మాయి అడవి చూడకుండానే పదో తరగతికి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఇంటర్, ఆ తర్వాత ఈఏపీసెట్ కోచింగ్. మళ్ళీ ఎప్పుడు చూస్తుంది?

చాలా ఇళ్ళల్లో అమ్మాయిలు ప్రయాణంలో నీళ్ళు తాగడం మానేస్తారు. బాత్రూము దొరకదేమోనని. ఇది నేను పిల్లల దగ్గర, తోటి టీచర్ల దగ్గర, పెళ్ళిళ్ళకి వెళ్ళే మా ఇంటి ఆడవాళ్ళ దగ్గర చూస్తున్నదే. తల్లులకి దీన్ని వివరించక్కర్లేదు, తండ్రుల కోసం రాస్తున్నాను. టూర్‌కి వెళ్ళొచ్చాక "ఎంజాయ్ చేశావా?" అని అడుగుతాం కదా, "నీళ్ళు సరిగ్గా తాగావా?" అని కూడా అడగండి. ఆ జవాబుని బట్టి విడిది ఎలాంటిదో తెలిసిపోతుంది.

మారేడుమిల్లి దగ్గర టెంట్లే కాదు, గదులు కూడా ఉన్నాయి. వలమూరు దగ్గర వాగు పక్కన జంగిల్ స్టార్ క్యాంపు అక్కడి వన సంరక్షణ సమితి పేరుతో చాలాకాలంగా తెలిసినదే. వాలి సుగ్రీవులు యుద్ధం చేసిన చోటని అక్కడివాళ్ళు చెప్పుకునే కొండ కూడా ఆ పక్కనే. ఊళ్ళో ప్రైవేటు రిసార్టులు పుట్టుకొచ్చాయి. నేను ఏ ఒక్కదాన్నీ ఇక్కడ సిఫారసు చేయడం లేదు. ఎందుకంటే పోయిన సంవత్సరం బాగున్నది ఈ సంవత్సరం బాగుండాలని లేదు. యజమాని మారతాడు, మోటారు కాలిపోతుంది, వంటమనిషి మానేస్తాడు. విడిదిని ప్రతిసారీ కొత్తగా చూడాలి. పెళ్ళికి కూడా అంతే కదా, పెద్దమ్మాయి పెళ్ళికి బాగుందని చిన్నమ్మాయి పెళ్ళికి చూడకుండా ఒప్పేసుకుంటామా?

ఆస్పత్రి గురించి క్లుప్తంగా. మారేడుమిల్లిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రంపచోడవరంలో ఏరియా ఆస్పత్రి ఉన్నాయి. పెద్ద చికిత్స కావాలంటే రాజమండ్రి దిగాల్సిందే. కొండ మలుపులు దాటాకే విడిది అయితే ఆ మలుపులన్నీ అంబులెన్సు కూడా దాటాలి. విడిది దగ్గర ఫోన్ సిగ్నల్ ఏ కంపెనీది అందుతుందో ముందే కనుక్కుని, ఆ సిమ్ ఉన్న ఫోన్ ఒకటి టీచర్ల దగ్గర ఉంచాలి. ఏజెన్సీ ప్రాంతం కాబట్టి దోమతెర, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి 'ఏజెన్సీకి వెళ్ళొచ్చాడు' అని చెప్పడం మర్చిపోవద్దు. చెప్తేనే మలేరియా పరీక్ష వెంటనే రాస్తారు. ఇక పాము. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటికి పనిచేస్తుంది. గిరినాగుకి ఆ మందు సరిపోదు. పిల్లల్ని భయపెట్టడానికి కాదు, రాత్రి టార్చి లేకుండా, చెప్పుల్లేకుండా గడప దాటకూడదని ఎందుకంటున్నామో వాళ్ళకి తెలియాలి. కారణం చెప్పని నియమాన్ని ఎనిమిదో తరగతి పిల్లలు పాటించరు. నేనూ పాటించలేదు ఆ వయసులో.

నన్ను బాగా చిరాకు పెట్టేది చలిమంట, డీజే. ఈ రెండూ ప్యాకేజీలో ఉన్నాయని గొప్పగా రాస్తారు. జాతీయ ఉద్యానాల్లో, అభయారణ్యాల్లో నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉద్యానం హద్దుకి అవతల ఉన్న ప్రైవేటు స్థలంలో పెట్టుకోవచ్చేమో, కానీ సంక్రాంతి దాటాక ఆకు రాలడం మొదలవుతుంది, నేలంతా ఎండుటాకు. ఒక నిప్పురవ్వకి అది ఎవరి హద్దో తెలియదు. పాటల సంగతి చెప్పాలంటే, పాటలు వినడానికి 385 కిలోమీటర్లు వెళ్ళడమెందుకు? వినాయక చవితి పందిరి మన వీధిలోనే ఉంటుంది. అడవిలో రాత్రి వినాల్సినవి వేరే ఉన్నాయి. గుడ్లగూబ, కప్పలు, కీచురాళ్ళు, దూరంగా ఏదో కణితి అరుపు. మన పిల్లల్లో చాలామంది పూర్తి చీకటిని ఎప్పుడూ చూడలేదు. వీధి లైటు, సెల్‌ఫోన్ లైటు, ఎదురింటి బాల్కనీ లైటు. రంగు బల్బుల దండ ఉన్న విడిదిలో నక్షత్రాలు కూడా కనిపించవు. అందుకని బాత్రూము దారికి మాత్రం లైటుండాలి, మిగతాచోట ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి అడిగితే మేనేజరు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు మన స్కూల్లో కూడా కొన్ని ఉన్నాయి. వేసవిలో వాళ్ళు 'ఆర్‌వీ' అద్దెకి తీసుకుని నేషనల్ పార్కులకి వెళ్ళిన ఫొటోలు ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. మంచాలు, పొయ్యి, సింకు, బాత్రూము అన్నీ ఉన్న బండి. ఇల్లు చక్రాల మీద. చూసి "మనకీ ఉంటే బాగుణ్ణు" అని ఒక నాన్నగారు నాతో అన్నారు. మనకి ఉండేది. గూడుబండి. మా నానమ్మ చిన్నప్పుడు చందనోత్సవానికి ఇంటిల్లిపాదీ గూడుబండి మీదే సింహాచలం వెళ్ళేవారట. గడ్డి, కుండలు, బియ్యం, చింతపండు బండిలోనే. ఆగే చోటు మాత్రం ఎడ్లు నిర్ణయించవు, పెద్దాయన నిర్ణయించేవాడు: నుయ్యి ఉండాలి, చింతతోపు ఉండాలి, కేక వేస్తే వినపడే దూరంలో ఊరుండాలి, గెడ్డలో మాత్రం బండి దింపకూడదు. ఇంతకన్నా మంచి లిస్టు నాకు ఏ వెబ్‌సైట్‌లోనూ కనిపించలేదు.

అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది బండి గురించి కాదు. ఆ బండి మన ఘాట్ మలుపుల్లో తిరగదు కూడా. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం మొదలుపెట్టింది, మనవాళ్ళూ ఆ మాట అంటున్నారు, వస్తే రానీ. నేర్చుకోవాల్సింది, అక్కడ విడిది నియమాలు ముందే, స్పష్టంగా రాసి పెడతారు. ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడిన పార్కు, ప్రపంచంలో మొట్టమొదటి జాతీయ ఉద్యానంగా చెప్తారు. అందులో ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట బండ్లు ఆపుకునే విడిది ఒకటుంది. నీటి కనెక్షన్, మురుగు కనెక్షన్, కరెంటు మూడూ ఉన్నది అక్కడే. అయితే ఆ విడిదిలో గుడ్డ టెంట్లు వేయనివ్వరు. గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు. కారణం ఎలుగుబంట్లు ఆ చుట్టుపక్కల తిరగడం. ఎలుగులకి, తోడేళ్ళకి, కూగర్లకి 100 గజాల దూరం, మిగతా జంతువులకి 25 గజాల దూరం ఉండాలని ఆ పార్కులో నియమం. డబ్బు ఎక్కువిచ్చినా, ఎమ్మెల్యేగారి చుట్టమైనా టెంటుకి చోటివ్వరు. ఈ ఒక్క పద్ధతి మనకి రావాలి. మన క్యాంపు ఒక కాగితం మీద 'ఇక్కడ వాగులో దిగడానికి ఈ నెలల్లో వీల్లేదు, రాత్రి పది తర్వాత శబ్దం చేయకూడదు, బాత్రూములు ఇన్ని' అని రాసి మనకి పంపగలిగితే ఆ క్యాంపుని నమ్మొచ్చు. పంపలేనివాళ్ళు ఫొటోలు పంపుతారు.

ఇంకొక సంగతి నాకు ముఖ్యం, మీకు అంత ముఖ్యమనిపించకపోవచ్చు. ఆ విడిదిలో పనిచేసేది ఎవరు? వండేది, దారి చూపేది, కాపలా కాసేది అక్కడి ఊరివాళ్ళైతే మన పిల్లలకి రెండు లాభాలు. ఒకటి, ఏ వాగు ఎప్పుడు లేస్తుందో వాళ్ళకి తెలుసు. రెండు, కొండరెడ్డి ఇంటి పెద్దాయన వెదురుని ఎలా ఎంచుతాడో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో చెప్తే మా సైన్సు టీచరు గారు నోట్సు రాసుకుంటారు, నిజంగానే. కానీ అక్కడి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఇళ్ళల్లోకి ఫోన్లు పెట్టి ఫొటోలు తీయడం, పిల్లలకి చాక్లెట్లు విసరడం వద్దు. మన వీధిలోకి ఎవరో బస్సు దిగి మన వాకిట్లో అమ్మమ్మని ఫొటో తీస్తే మనకెలా ఉంటుంది?

ఇన్ని జాగ్రత్తలు పడేకన్నా రాజమండ్రిలో మంచి హోటల్లో దిగి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తే పోదా అని ఒక పేరెంట్ అన్నారు. ఐదో తరగతి లోపు పిల్లలకి నేనూ అదే అంటాను. అంత దూరం కూడా వద్దు. టెక్కలి దాటాక తేలినీలాపురం ఉంది. చలికాలంలో చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలంలో చిల్లుముక్కు కొంగలు ఊరివాళ్ళ చెట్ల మీదే గూళ్ళు కడతాయి. పొద్దున్నే పులిహోర కట్టుకుని వెళ్ళి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఇంటర్ పిల్లలున్నవాళ్ళు కుటుంబంతో వెళ్ళాలనుకుంటే జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయ కూడా జాతీయ ఉద్యానమే, 1982 నుంచి. గుహలున్నాయి, తీరథ్‌గఢ్ జలపాతం ఉంది. అరకు దారిలో టైడా కూడా చిన్న కుటుంబాలకి సౌకర్యమే. కానీ 8, 9 తరగతుల పిల్లలకి రాత్రి ఉండడమే పాఠం. తన దుప్పటి తను మడుచుకోవడం, పక్కవాడి గురకని భరించడం, అమ్మకి ఫోన్ చేయకుండా ఒక రాత్రి నిద్రపోవడం. హోటల్ గదిలో టీవీ ఉంటుంది కాబట్టి ఇవేవీ జరగవు.

అందుకని ఈసారి ఒక పని చేశాం. విడిది చూసే పని పిల్లలకే ఇచ్చాం. ఎనిమిదో తరగతి పిల్లలు జట్లుగా కూర్చుని క్యాంపుని అడగాల్సిన ప్రశ్నలు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాశారు. ఇంగ్లీషు టీచరుగా నాకిది స్వార్థం కూడా. 'హౌ మెనీ', 'హౌ ఫార్', 'ఈజ్ దేర్' అన్నవి గ్రామరు పుస్తకంలో ఖాళీలు పూరించినప్పుడు రానిది, నిజంగా జవాబు కావాల్సొచ్చినప్పుడు వచ్చేసింది. ప్రశ్నలు నేను అనుకున్నవాటికన్నా బాగున్నాయి. 'కుక్కలున్నాయా, అవి కరుస్తాయా?' అని ఒకడు. 'రాత్రి భయమేస్తే ఎవర్ని లేపాలి?' అని ఒకమ్మాయి. 'కోడి తినని వాళ్ళకి వేరే గిన్నెలో వండుతారా?' 'మా బస్సు డ్రైవరు అంకుల్ ఎక్కడ పడుకుంటారు?' ఆ చివరి ప్రశ్న మా కమిటీలో పెద్దవాళ్ళెవరికీ తట్టలేదు. రాత్రంతా సీటులో ముడుచుకుని పడుకున్న డ్రైవరు మర్నాడు ఘాట్ దింపాలి మరి.

వాళ్ళు రాసిన ప్రశ్నలతో స్పీకర్ ఆన్ చేసి మూడు చోట్లకి ఫోన్ చేయించాం, ఇద్దరు పిల్లలు మాట్లాడారు, నేను పక్కన కూర్చున్నాను. ఒకచోట మేనేజరు ఓపిగ్గా అన్నిటికీ చెప్పాడు, తెలియనిది కనుక్కుని చెప్తానన్నాడు, సాయంత్రం నిజంగానే చేశాడు. ఒకచోట "అన్నీ ఉన్నాయమ్మా, వచ్చేయండి" అన్నారు. పిల్లలు ఆ పేరు మీద గీత కొట్టేశారు. మూడోచోట బాత్రూముల ప్రశ్న దగ్గర ఫోన్ పెట్టేశారు.

ఇంకా ఏదీ బుక్ చేయలేదు. ఓపిగ్గా చెప్పిన చోటుకి మా పీఈటీ సారు, ఇంకో మేడమ్ ముందుగా వెళ్ళి, ఒక రాత్రి ఉండి, కుళాయిలు తిప్పి, గడియలు వేసి చూసి వస్తారు. వాళ్ళు తెచ్చిన జవాబులు, బాత్రూముల ఫొటోలతో సహా, వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో నోటీసు బోర్డు మీద ఉంటాయి. 'వద్దు' అని పంపినవాళ్ళకి కొత్త స్లిప్పు ఇస్తాం. దాని వెనకవైపు ఖాళీగానే వదిలాం. జలపాతాల పేర్లు ఈసారి రాయలేదు. మీ ప్రశ్న అక్కడ రాయండి, తెలుగులోనైనా, ఇంగ్లీషులోనైనా. సంతకం అమ్మదైనా సరిపోతుంది.